పూత అంటే కోటింగ్, రేకు అంటే షీట్

రాజమండ్రిలో ఎగుమతి కాగితాలు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో నేను చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. సరుకు విమానం ఎక్కకముందే అది ఏమిటో, ఎవరు పంపుతున్నారో, ఎవరికి చేరాలో కంప్యూటర్లో నింపి, అది దిగబోయే దేశపు కస్టమ్స్‌వారికి పంపాలి. వాళ్లు సరేనంటే సరుకు ఎక్కుతుంది. లేదంటే విమానాశ్రయం గోడౌన్‌లోనే ఉండిపోతుంది. ఈ ఉద్యోగం నాకు రావడానికి కారణం నా ఇంగ్లీషు. మా నాన్నగారు మిషన్ స్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. ఇంగ్లీషులోకి రాని తెలుగు మాట లేదని, వెతికే ఓపికే మనకు లేదని ఆయన అనేవారు. ఆ మాట నేను నమ్మాను.

ఒక వేసవిలో రావులపాలెం దగ్గరి గోదావరి లంక ఊరి నుంచి ఒకావిడ ఆఫీసుకు వచ్చారు. యాభై దాటిన మనిషి. మరో అయిదుగురు ఆడవాళ్లతో కలిసి పూతరేకులు చేస్తారు. రెండు దేశాల్లోని రెండు మిఠాయి కొట్లు ఆమెను సరుకు అడిగాయట. సగం అట్టపెట్టెలు ఒక దేశానికి, సగం ఇంకో దేశానికి.

"ఇదేమన్నా కష్టమా అండి?" అని అడిగారు.

"కష్టమేముందండీ, రెండిట్లోనూ అదే సరుకు కదా," అన్నాను.

సరుకు వివరం రాసే గడిలో 'పూతరేకులు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. గడి ఎర్రబడింది. ఆ మాట దానికి తెలియదు. నాన్నగారిని తలుచుకుని ఆలోచించాను. పూత అంటే కోటింగ్, రేకు అంటే షీట్. 'కోటెడ్ షీట్స్' అని కొట్టగానే గడి పచ్చబడింది. పక్కనే సరుకు కోడ్ నంబరు కూడా దానంతటదే వచ్చి కూర్చుంది. అంత తెలివైన యంత్రాన్ని అనుమానించడం నాకు మర్యాదగా తోచలేదు. అదే సమాచారాన్ని రెండు దేశాలకూ పంపాను.

మొదటి దేశం ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఒప్పుకుంది. ఆ పెట్టెలు వెళ్లిపోయాయి. రెండో దేశం నుంచి మాత్రం ప్రశ్న వచ్చింది. షీటు మందం ఎంత? చాలా శ్రద్ధగల మనుషులనుకున్నాను. 'కాగితం కన్నా పల్చన' అని రాశాను. మర్నాడు ఇంకో ప్రశ్న. కోటింగ్ దేనితో? 'నెయ్యి, బెల్లం' అని రాశాను. ఆ తర్వాత రెండు రోజులు ఏ జవాబూ లేదు. మూడో రోజు పెట్టెలను ఆపేశామని, అవి ఏ లోహపు రేకులో నిర్ధారించే పత్రం పంపాలని కబురొచ్చింది.

నా కోడ్ నంబరు ఏమిటో అప్పుడు వెతికి చూశాను. పూత పూసిన ఇనుప రేకులది.

దిద్ది పంపితే సరిపోతుందనుకున్నాను. కానీ ఒకసారి ఇనుమన్న వస్తువును మిఠాయి అంటే అనుమానం ఇంకా పెరుగుతుందట. తనిఖీ కోసం పెట్టెలు విప్పారు. ఎండల్లో మూడు వారాలు గోడౌన్‌లో ఉండి, చివరికి తిరిగి రాజమండ్రికే వచ్చాయి.

ఆవిడ బస్సులో వచ్చి నా బల్ల మీదే ఒక పెట్టె తెరిచారు. లోపల రేకంటూ ఏమీ మిగల్లేదు. అంతా పొడి. ఆరుగురు ఆడవాళ్ల పన్నెండు రోజుల పని అది. ఆవిడ తిడతారనుకున్నాను. తిడితే నాకూ కొంచెం తేలికగా ఉండేది.

"చెంచా ఉందా అండి?" అన్నారు.

టీ చెంచా ఇచ్చాను. కాస్త తీసి రుచి చూసి, చెంచా నాకిచ్చారు.

"రుచికి లోటేం లేదు. ఇనుమని ఎవరు రాశారండీ?"

"నేనేనండి."

"మీది ఏ ఊరండీ?" అని అడిగారు. చెప్పాను. వాళ్ల ఊరికి పట్టుమని పది మైళ్లుండదు. "ఎప్పుడన్నా రేకు తీయడం చూశారా?" అన్నారు. పుట్టినప్పటి నుంచి తింటున్నాను కానీ చూడలేదు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక వాళ్ల పాక దగ్గరకు వెళ్లాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. ఆవిడ పల్చని గుడ్డను బియ్యప్పిండి నీళ్లలో ముంచి కుండ మీద ఒక్కసారి పరిచి లాగారు. అంతలోనే అవతలి వెలుతురు కనిపించే రేకు లేచి వచ్చింది. నన్నూ చేయమన్నారు. నేను తీసినవి మూడూ చిరిగాయి. "ఇప్పుడు రాయండి, ఇదేంటో," అన్నారు.

ఆ తర్వాతి వారం మా యజమాని నన్ను విశాఖపట్నంలో ఒకరోజు శిక్షణకు పంపారు. అక్కడ ఒక పెద్దాయన, దేశాల కస్టమ్స్ శాఖలన్నీ తమ ప్రశ్నలను ఏకం చేస్తున్నాయని, ఇకపై ఎక్కడికి పంపినా ఒకే సమాచారం సరిపోతుందని చక్కగా వివరించారు. నేనొక్కదాన్నే మిగతావాళ్ల కన్నా కొంచెం ఎక్కువసేపు చప్పట్లు కొట్టాను. తిరిగి వచ్చి ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. సంతోషించారు.

రెండోసారి సరుకు తయారయ్యేసరికి ఆ ఐక్యత ఇంకా దారిలోనే ఉంది. సరైన కోడ్ వెతికి పట్టుకున్నాను. వివరంగా రాద్దామని 'స్వీట్ మేడ్ ఆఫ్ థిన్ రైస్ షీట్స్, నాట్ మెటల్' అని పెట్టాను. మొదటి దేశపు గడి దాన్ని పూర్తిగా తీసుకుంది. రెండో దేశపు గడిలో ముప్పై అయిదు అక్షరాలకే చోటుంది. మిగిలినదాన్ని అది చెప్పకుండా కత్తిరించింది. విమాన సంస్థ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశారు.

"మేడమ్, వివరంలో చివర 'నాట్' అని ఉందండి. నాట్ ఏంటండీ?"

"నాట్ మెటల్ అండి."

"మెటల్ అని ఎవరన్నారండీ?"

"పోయినసారి నేనే అన్నానండి."

ఆయన ఆ ఒక్క మాట తీసేయమని మెల్లగా చెప్పారు. తీసేశాను. ఈసారి తనకు రావాల్సిన పెట్టెలను మొదటి దేశం ఆపింది. సరుకు ఎక్కడ తయారైందో డోర్ నంబరు, వీధి పేరు కావాలంది. 'కాలువ గట్టు, రైసు మిల్లు ఎదురుగా' అనేది వాళ్ల లెక్కలో అడ్రసు కాదు.

ఆవిడకు చెప్పాను. ఆవిడ నేరుగా పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నారట. "పదేళ్ల నుంచి వీధి దీపం అడుగుతుంటే మాకు వీధే లేదన్నారు. ఇప్పుడు బయటి దేశంవోళ్లు అడుగుతున్నారన్నాను, లేదంటారేంటి," అని తర్వాత నాతో అన్నారు. రెండు రోజుల్లో పాక తలుపు మీద నీలిరంగు నంబరు పడింది. గట్టుకు వీధి పేరు వచ్చింది. ఆ నెలలోనే దీపం కూడా వచ్చింది. రెండు దేశాల్లోనూ పెట్టెలు దిగాయి. రేకులు అక్కడక్కడా విరిగినా, కొట్లవాళ్లు మళ్లీ పంపమన్నారు.

ఏడాది తిరిగాక ఏకం చేసిన కొత్త ప్రశ్నల జాబితా నిజంగానే వచ్చింది. ఇకపై రెండు దేశాలకూ అదే. అందులో మొదటి దేశం అడిగినవన్నీ ఉన్నాయి, రెండో దేశం అడిగినవన్నీ ఉన్నాయి, ఇద్దరూ అడగనివి నాలుగు ఉన్నాయి. ఆవిడ వచ్చినప్పుడు కాగితం ముందు పెట్టాను.

"అందరూ ఒకేలా అడుగుతారన్నారు కదండీ."

"అడుగుతున్నారండి. అందరూ అన్నీ అడుగుతున్నారు."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో వరుస కిందికి వచ్చారు. కొత్తవాటిలో ఒకదాని దగ్గర వేలు ఆగింది. తయారీ యంత్రం పేరు, మోడల్.

"కుండ అని రాయండి," అన్నారు.

"ఈసారి ఇంగ్లీషులోకి నేను మార్చనండి. దాన్ని ఏమనాలో మీరే చెప్పాలి," అన్నాను.

ఆవిడ నవ్వి, నా కీబోర్డు తన వైపు తిప్పుకుని, 'కుండ' అని ఒక్కో ఇంగ్లీషు అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టారు.