కొల్లేటివాడి వేడర్లు

మా ఆయన ఆనందరావుకి ఈత రాదు. ఈ సంగతి ఆస్ట్రేలియాలో మేముండే ఈ పాయింట్ కుక్‌లో నాకొక్కదానికే తెలుసు. అదీ పెళ్లయిన కొత్తలో, మచిలీపట్నం సముద్రంలో మోకాలి లోతుకే నా చెయ్యి పట్టుకుని వణికాడు కాబట్టి తెలిసింది. మిగతా జనానికి ఆయన కైకలూరు మనిషి, కొల్లేట్లో పుట్టినవాడు. వారమంతా బస్సు నడుపుతాడు, ఆదివారం చర్చిలో పాడతాడు, ఎవరు ఇల్లు మారినా సామాను మోస్తాడు. బంగారంలాంటి మనిషే. ఆ కొల్లేటి గొప్పలే నా ప్రాణం తీస్తాయి!

ఈ ఏడు మా వీధిలో ఉండే ద్వారకానాథ్‌తో కలిసి బాతుల వేట మొదలుపెట్టాడు. ద్వారకానాథ్ కరీంనగర్ కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇద్దరూ పక్షుల్ని గుర్తుపట్టే పరీక్ష రాసి లైసెన్సులు తెచ్చుకున్నారు. ఇన్నాళ్లూ గట్టు మీద నుంచే కాల్చారు కాబట్టి నేనేమీ అనలేదు. జూన్‌లో, ఇక్కడి చలికాలంలో, వేట సీజన్ ముగిసేముందు, నీళ్లలోకి దిగుతామన్నారు. నా గుండెల్లో రాయి పడింది.

అందుకు వేడర్లు కావాలి. బూట్లూ ప్యాంటూ ఒకటిగా కలిసి ఛాతీ దాకా వచ్చే రబ్బరు తొడుగులవి. షాపులో పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. చలికి మందపాటివి తీసుకోవాలట. ఉన్ని సాక్సు పట్టేంత చోటుంటే చాలట, బూటు మరీ వదులైతే బురద లాగేస్తుందట. నడుముకి బెల్టు బిగించకుండా అసలు దిగకూడదట, పడితే లోపల నీళ్లు నిండిపోతాయట. అంతా చెప్పి, ఈతొచ్చా అని అడిగాడు.

"కొల్లేరు, మేట్! బార్న్ ఇన్ వాటర్!" అన్నాడీయన.

నేను పక్కనే ఉన్నాను. నలుగురిలో మొగుడి పరువు తీయకూడదనుకుని నోరు మూసుకున్నాను. నన్ను చెప్పుచ్చుకు కొట్టాలి. పైగా రెండు సైజులు పెద్దవి తీశాడు.

"వదులుగా ఉంటే పదేళ్లొస్తాయే అమృతం. రేపు లావైతేనో?"

బడికెళ్లే పిల్లాడికి యూనిఫాం కొన్నట్టు!

ఇంట్లో ఉండలేక శనివారం నేనూ కారెక్కాను. కోలాక్ అనే ఊరు దాటాక ఓ మడుగు. గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. ఈయన బెల్టు తీసి కారులో పడేశాడు.

"పెట్టుకోండి, మీకు దణ్ణం పెడతాను."

"పొట్ట నొక్కేస్తందే. కొల్లేటోడికి బెల్టేంటి?"

ద్వారకానాథ్ నవ్వుకుంటూ ముందు దిగాడు. ఈయన వెనకాలే దిగాడు. మోకాళ్లు, తొడలు, నడుము. నేను గట్టు మీద నిలబడి "ప్రభువా, ప్రభువా" అంటున్నాను. ఉన్నట్టుండి ఆగిపోయాడు. వదులు బూటు బురదలో ఇరుక్కుంది. కాలు లాగబోయి పక్కకి ఒరిగాడు.

"ద్వారకా! ఆయన్ని పట్టుకో! ఈత రాదు ఆయనకి!"

నా కేకకి బాతులన్నీ లేచిపోయాయి. అయినా ద్వారకానాథ్ కొయ్యబారిపోయి అక్కడే నిలబడ్డాడు. దేవుడి దయ, ఈయన చేతికి రెల్లు దుబ్బు దొరికింది. అది పట్టుకుని ఎలాగో గట్టెక్కాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"పరువు తీసేశావు కదే!"

"తీశాను! మళ్లీ తీస్తాను! సిగ్గుండాలి మనిషికి!" తువ్వాలు ఆయన మొహాన కొట్టి ఏడ్చాను.

ద్వారకానాథ్ వచ్చి గడ్డిలో కూలబడ్డాడు.

"అక్కా, నాకు సుత ఈత రాదు. అన్న కొల్లేరాయన గదా, ఏమన్నయితే గుంజుతడని ధైర్యంగ దిగిన."

ఈయన వాడి పక్కనే కూర్చున్నాడు.

"మా అన్న కొల్లేట్లోనే పోయాడ్రా. నా కళ్ల ముందే. ఆ తర్వాత మా అమ్మ నన్ను నీళ్లలోకి దిగనీలేదు."

ఆ అన్న జ్వరంతో పోయాడనే పెళ్లయిన ఈ ఇరవయ్యారేళ్లుగా ఈయనా, మా అత్తగారూ నాకు చెబుతూ వచ్చారు.