అమ్మోరి గుడికి వెళ్ళిపోయిన హెలికాప్టర్

ఆ రోజుల్లో పెళ్ళిపందిరి ఆకాశంలోంచి కనిపించే వీడియో అంటే పలాస చుట్టుపక్కల మహా గొప్ప. ఆ గొప్ప మీద మోజుతో మా మావ (అమ్మ తమ్ముడు, ఫోటో స్టూడియో యజమాని) కెమెరా మోసే రిమోట్ హెలికాప్టర్ కొన్నాడు. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతున్న నన్ను పిలిచి దాన్ని నా చేతిలో పెట్టాడు. అందులో ఆటోపైలట్ అని ఓ పెట్టె ఉండేది. గాలి కొట్టినా హెలికాప్టర్‌ను వణక్కుండా నిలబెట్టేది. రిమోట్ సిగ్నల్ తెగితే, ఎక్కడ ఆన్ చేశామో అక్కడికే తీసుకెళ్ళి దింపేది. "ఇది పోయిందంటే నువ్వు మళ్ళీ పిక్కలకే, సూసుకో" అన్నాడు మావ మొదటి రోజే.

మొదటి పెళ్ళి కవిటి దగ్గర. ఊరి మొదట్లో గుడి కనిపించగానే మావ వ్యాన్ ఆపించి, హెలికాప్టర్‌ను అమ్మవారి ముందు పెట్టి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. (కొత్త బండికైనా, మోటారుకైనా మా వైపు ఇంతే.) "అమ్మోరి ముందర ఆన్ సెయ్యరా. పనయ్యేదాక ఆపకు" అన్నాడు. ఆన్ చేసి, అలాగే ఒళ్ళో పెట్టుకుని పెళ్ళింటికి వెళ్ళాను.

ఊరేగింపులో అది లేవగానే జనం నోరు తెరిచారు. నేను ఛాతీ విరిచాను. అంతలో అది కొబ్బరిచెట్ల వెనక్కి పోయింది, సిగ్నల్ తెగింది. గాలిలో ఆగి, మెల్లగా తిరిగి, మమ్మల్నందర్నీ వదిలేసి వెళ్ళిపోసాగింది. రిమోట్ మీద ఏది తిప్పినా ఖాతరు చెయ్యదే!

"ఏట్రా, ఎటెల్పోతంది?"

"నాకేటి తెల్సు మావా!"

రిమోట్‌తో నేను, పంచె ఎగ్గట్టి మావ, వెనకాల సగం పెళ్ళి, ఒకటే పరుగు. తీరా చూస్తే గుడి ముందు, కొబ్బరికాయ కొట్టిన చోటే, బుద్ధిగా దిగి ఉంది. ఓ ముసలమ్మ దాని నెత్తిన పసుపునీళ్ళు పొయ్యబోతోంది. "నీళ్ళొద్దమ్మా!" అని కేకేశాను.

"అమ్మోరు పిలిత్తే వచ్చినాది. నువ్వెవులివిరా వద్దనడానికి?"

పెళ్ళివాళ్ళూ అదే మాట అని దండాలు పెట్టారు. మావ నన్ను తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, తనూ దండం పెట్టాడు. నా ఉద్యోగం అలా నిలిచింది.

తర్వాత వచ్చిన తుఫానుకు ఆ కొబ్బరితోటలు నేలకొరిగాయి. ఓ రోజు ఆ పెళ్ళికూతురే ఫోన్ చేసింది. "అన్నా, అది గుడికెల్పోయిన ముక్క ఉందేటి? మా నాన్న తోట ఓపాలి సూడాలి."

వెతికి పంపాను. నిండు పచ్చగా తోట, దానిమీదుగా వణుకన్నదే లేని ప్రయాణం. నా చెయ్యి పడకుండా వచ్చింది కదా, మరి! దిగాక కూడా కెమెరా నడుస్తూనే ఉంది. ఆమె తోట చూసి ఏడ్చిందట. నేను మాత్రం ఆ చివరి ముక్కే మళ్ళీ మళ్ళీ చూస్తుంటాను. ప్రపంచం మునిగిపోయినట్టు ముఖం పెట్టి, పనికిరాని రిమోట్ పైకెత్తి, ఓ బక్కపలచని కుర్రాడు రోడ్డు మీద పరుగెత్తుకొస్తుంటాడు. ఏమీ కాలేదురా, మెల్లగా రా, అని వాడికి చెప్పాలనిపిస్తుంది.