కుక్క మందు, పిల్లి ప్రాణం

మా పాప దిండు మీద గోమారి పాకుతుంటే చూసిన రోజు నాకు పూనకం వచ్చినంత పనయింది. వానలు వెలిసి వారమైంది. మా కుక్క చెవుల్లో, వేళ్ళ సందుల్లో, తోక కింద, ఎక్కడ చెయ్యి పెట్టినా అవే, రక్తం తాగి మినప్పప్పు గింజల్లా ఉబ్బిన గోమార్లు! గోడలెక్కాయి, గడప దాటాయి, చివరికి తొమ్మిదేళ్ళ పిల్ల తల పెట్టుకునే చోటికే వచ్చేశాయి.

"ఈ ఆదివారం తిరువళ్ళూరికి పొయ్యి డాక్టరమ్మ దగ్గర అసలు మందు తెస్తా. నీ యాపనూనె చాలు అత్తా" అని మా అత్తతో తెగేసి చెప్పాను.

మా అత్తకు రెండు ఆవులు. ఆమె వైద్యమంతా వాటి నుంచే మొదలవుతుంది. "ఆవులకు కొట్టే మందుండాది కదమ్మే. అదే రోంత పూస్తే పోలా?" అంది.

"ఆవు ఎంత, కుక్క ఎంత? దాని మందు దానికి, దీని మందు దీనికి. గమ్మునుండత్తా!" అన్నాను. అబ్బో, ఆ రోజు నాకున్న తెలివి ఇంతా అంతా కాదు!

నేను పనిచేసే కంపెనీ తిరువళ్ళూరు అవతల ఉంది, ప్యాకింగ్ సెక్షన్. తిరుత్తణి నుంచి రోజూ రైల్లో పోయి, స్టేషన్ బయట కంపెనీ బస్సెక్కుతాను. ఆ బస్సు కిటికీలోంచి రోజూ కనిపించే జంతువుల క్లినిక్ అది. ఎన్నాళ్ళుగానో లోపలికి పోవాలని నాకు ఒకటే తహతహ. ఆదివారం మా ఆయన తన కుట్టియానైలో, అంటే మా వైపు సరుకులు తోలే చిన్న బండిలో, కుక్కను ఎక్కించాడు. కుక్క కన్నా నేనే ముందు దూకి కూర్చున్నాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, తమిళావిడ. కుక్కను తూకం వేసి, నోరు తెరిచి చిగుళ్ళు చూసి, రక్తం తగ్గలేదు, భయం లేదంది. తర్వాత బల్ల మీద మూడు రకాలు పెట్టింది. నమిలే మాత్ర, మెడ మీద పోసే చుక్కల మందు, మెడకు కట్టే పట్టీ. చూడాలి నా సంబరం! పెళ్ళి చీర ఎంచుకునేదానిలా ఒకటి తీసి ఇంకోటి పెట్టి, పెట్టింది మళ్ళీ తీశాను. బయట మా ఆయన రెండుసార్లు హారన్ కొట్టాడు. కొట్టనీ! పట్టీ కడితే మా కుక్క పూట తిరక్కుండా కొరికి పారేస్తుంది. మాత్రనేమో నాలుక కింద దాచి, మనం అటు తిరగ్గానే ఉమ్మేసే ఘటం. చుక్కల మందైతే మెడ మీద దానికి అందని చోట పోస్తారు, ఏం చేస్తుంది? చుక్కలే, అన్నాను.

ఆమె వెంటనే ఇవ్వలేదు. "వీట్లే వేరే ఏదావదు ఇరుక్కా?" అని అడిగింది. ఇంట్లో ఇంకేమైనా జంతువులున్నాయా అని.

"ఇల్ల డాక్టర్, ఇదు మట్టుందాన్" అన్నాను. ఇదొక్కటే అని.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు, ఒట్టు. మా వైపు ఎవరైనా పిల్లిని పెంచుతున్నామంటారా? కుక్కను పెంచుతాం. ఆవును మేపుతాం. పిల్లి ఉంటుంది, అంతే. మా పిల్లి కూడా అలాగే ఉంది. ఐదేళ్ళ కిందట పశువుల కొట్టంలో గడ్డివాములో పుట్టి, తల్లీ తోబుట్టువులూ ఎటో పోయినా ఇది మాత్రం పోకుండా ఉండిపోయింది. ఎవరూ తెచ్చుకోలేదు, పేరు పెట్టలేదు. మా అత్త పాలు పితికేటప్పుడు పక్కన కూర్చుంటుంది. "దరిద్రపుదానా, నీ కోసమే పితకతా ఉండానా?" అని తిడుతూనే మొదటి ధార కొబ్బరిచిప్పలో పోస్తుంది. రాత్రిళ్ళు కుక్క పొట్టలో ముడుచుకుని పడుకుంటుంది. పడుకునే ముందు కుక్క మెడంతా శుభ్రంగా నాకుతుంది, తల్లి బిడ్డను నాకినట్టు. ఇదంతా రోజూ చూసేదే. అయినా డాక్టరమ్మ అడిగినప్పుడు ఆ పిల్లి నా నోటికి రాలేదు.

మందు పెట్టె మీద పిల్లి బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత ఉన్నాయి. చూడలేదని ఎందుకనాలి? చూశాను. 'ఓహో, ఇది కుక్కల మందే, పిల్లులది కాదు' అనుకుని నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంటికొచ్చి, పాప కుక్క మూతి పట్టుకుంటే, నేను మెడ మీద వెంట్రుకలు పాయ తీసి చుక్కలు పోశాను. పొద్దున లేచేసరికి, ఏం చెప్పమంటారు, వసారా నిండా రాలిన గోమార్లు! నేనూ పాపా చీపురు తెచ్చి ఊడుస్తూ గెంతులేశాం. మా ఆయన తెల్లారకముందే కాట్టుపల్లి రేవుకు లోడు తీసుకుని పోయాడు గాని, ఉండుంటే ఆయన్నీ గెంతించేదాన్ని. ఆ వారం నాకు మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి తీరిగ్గా ఆనందపడుతున్నాను.

అంతలో కొట్టంలోంచి మా అత్త కేక.

"అమ్మే! బిన్నా రా! పిల్లికేందో అయిపోతా ఉండాది!"

చీపురు పారేసి పరుగెత్తాను. పిల్లి పక్కకు ఒరిగి పడి ఉంది. చెవులు టపటప కొట్టుకుంటున్నాయి, కాళ్ళు వణుకుతున్నాయి, నోట్లోంచి చొంగ. కొబ్బరిచిప్పలో పాలు అలాగే ఉన్నాయి. మా అత్త దాని తల ఒళ్ళో పెట్టుకుని, "ఎలకల మందు తిన్నెట్టుండాదే. ఎవురు పెట్నారో, వాళ్ళ చేతులు పడిపోనూ!" అని ఊరందరినీ శపిస్తోంది. ఎలకల మందేనని నేనూ నమ్మి, పక్కింటివాళ్ళ మీదికి పోవడానికి లేచాను కూడా. వసారాలోకొచ్చేసరికి కిటికీలో ఆ పెట్టె. పిల్లి బొమ్మ. ఎర్రగీత.

రాత్రంతా అది నాకింది ఆ మెడనే కదా! ఊళ్ళో ఎవరి చేతులూ పడిపోనక్కర్లేదు, మందు పోసిన చేతులు నావే.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. నేను చెప్పింది మొత్తం వింది. తర్వాత టకటకా చెప్పింది: నోట్లో పాలు, నూనె, ఏదీ పొయ్యొద్దు. గోరువెచ్చని నీళ్ళతో, గిన్నెలు తోమే సబ్బుతో ఒళ్ళు కడిగి, తువ్వాల్లో చుట్టుకుని వెంటనే వచ్చేయండి. అప్పటికే మా అత్త పాలు పట్టబోతోంది. "పొయ్యొద్దత్తా!" అని నేను పెట్టిన అరుపుకు ఆవులు కూడా లేచి నిలబడ్డాయి.

మా ఊరి పశువుల డాక్టరు ఆ రోజు పల్లెల్లో టీకాల క్యాంపుకు పోయాడు. పాపను పక్కింటి అక్క దగ్గర వదిలి, వీధి చివరి ఆటో అన్నను పిలిచాను. "తిరువళ్ళూరుదాకానా? పిల్లికా?" అని నోరు తెరిచాడు. మా అత్త అప్పటికే పిల్లిని కడిగి చుట్టిన తువ్వాలు మూటతో ఆటోలో కూర్చుంది. "నోరు మూసి బండి తోలు నాయనా" అంది. ఆయన తోలాడు.

సరిగ్గా ఆ రోజే కృత్తిక. కొండ మీది మురుగన్ గుడికి పోయే జనంతో రోడ్డంతా కావళ్ళు, డప్పులు. ఆటో ఒక్క అంగుళం కదలదు. మూట ఒళ్ళో వణుకుతోంది. ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తని మా అత్త సగం ఒళ్ళు బయటికి వాల్చి, "వళి విడుంగప్పా! ఉయిరు పోవుదు!" అని అరిచింది, దారివ్వండి నాయనా ప్రాణం పోతోందని. అంతే! కావళ్ళు రెండు వైపులా చీలిపోయాయి. డప్పులు ఆగాయి. "కొళందై, కొళందై" అంటూ, పసిబిడ్డ అనుకుని, ఒకరికొకరు చెప్పుకుంటూ దారిచ్చారు. ఒకామె ఏడుస్తూ వచ్చి మూట మీద విభూతి చల్లి, బిడ్డ మొహం చూద్దామని తువ్వాలు కొస తీసింది. లోపల్నుంచి ఒక తడి చెవి లేచింది. ఆమె మొహం చూడాలి! అయినా ఆ మహాతల్లి మాట మార్చలేదు. "పోంగ, పోంగ, మురుగన్ కాప్పాత్తువాన్" అని, పొండి మురుగనే కాపాడతాడని, ఆటో వెనక ఒక్క చరుపు చరిచింది. ఆ భయంలో కూడా నాకూ మా అత్తకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాం.

క్లినిక్‌లో దాన్ని లాక్కున్నట్టే తీసుకుని లోపలికి పోయారు. మళ్ళీ కడిగారు, వణుకు తగ్గడానికి సూది వేశారు, సెలైన్ ఎక్కించారు. తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చి నన్ను నిలబెట్టి అడిగింది. కుక్క ఒంట్లో అరిగిపోయే మందు పిల్లి ఒంట్లో అరగదట, నరాల మీద పనిచేస్తుందట. "ఇంట్లో పిల్లి ఉందని ఒక్క మాట చెప్పుంటే ఈ చుక్కలు నీ చేతికి ఇచ్చేదాన్నే కాదు కదా?" అంది. పిల్లి ఉంది గాని లేదు అనుకున్నామని చెప్పనా?

మా అత్త నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని తిట్టి ఉంటే బాగుండేది. ఆమె గాజు తలుపుకు నుదురు ఆనించి నిలబడిపోయింది. నేను ఫోన్ చేసి షిఫ్టుకు రానని చెప్పాను. పిల్లి పోతే ఈమె మొహం ఎలా చూడాలి, రోజూ పాలు పితికే వేళకు నేను ఎక్కడ దాక్కోవాలి, అదే ఆలోచన.

సాయంత్రానికి వణుకు సన్నగిల్లింది. రెండు రోజులు వాళ్ళే పెట్టుకున్నారు. ఆ రెండు రోజులూ నేను షిఫ్టు ముందొకసారి పోయి గాజు తలుపులోంచి చూసి, మా అత్తకు ఫోన్‌లో చెప్పేదాన్ని. కళ్ళు తెరిచింది. తల ఎత్తింది. నీళ్ళు తాగింది! మూడో రోజు పాప బడికి పోయాక మా ఆయన బండిలో ముగ్గురం, కుక్కను కూడా ఎక్కించుకుని పోయాం. మా అత్త చెయ్యి పెట్టగానే అది బుస్సుమని గీరింది. "సూడు సూడు, బాగైపోయినాది దరిద్రపుది!" అని గీరిన చెయ్యి అందరికీ చూపించి మురిసిపోయింది.

అప్పుడు మళ్ళీ మొదలైంది మందుల ఎంపిక. ఈసారి ఆ సంబరమే వేరు. డాక్టరమ్మ పిల్లిని తూకం వేసింది. దానికి పిల్లుల కోసమే చేసిన చుక్కల మందు, దాని బరువుకు సరిపడా చిన్న గొట్టం. కుక్క మందు సగం చేసి పిల్లికి వెయ్యడం కలలో కూడా వద్దంది. కుక్కకేమో వచ్చే నెల నుంచి నమిలే మాత్ర. అది లోపలి నుంచి పనిచేస్తుంది, మెడ మీద నాకడానికి ఏమీ ఉండదు. ఉమ్మేస్తుంది డాక్టర్ అంటే, మాంసం వాసన మాత్ర ఒకటి తీసి బండి దగ్గర దానికి వాసన చూపించింది. నాలుక కింద దాచే ఘటం కాస్తా ఆమె చెయ్యి వదిలితే ఒట్టు!

పిల్లికి కొత్త కార్డు రాస్తూ ఆమె మళ్ళీ అదే ప్రశ్న అడిగింది, ఇంట్లో ఇంకేమున్నాయని. నేను ఊపిరి తీసుకోకుండా అందుకున్నాను. కుక్క ఒకటి, పిల్లి ఒకటి, ఆవులు రెండు, దూడ ఒకటి, కోళ్ళు ఆరు, అందులో ఒకటి పొదుగుతోంది, వంటింట్లో బల్లి కూడా ఉంది డాక్టర్! ఆమె పెన్ను కింద పెట్టేసి నవ్వింది. మా ఆయన గోడకానుకుని నవ్వాడు. నాకు పరీక్ష పాసైనంత సంతోషం.

తిరిగి వస్తుంటే ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. కుక్క వెనక తొట్టిలో, పిల్లి బుట్ట మా అత్త ఒళ్ళో. కార్డును ఆమె అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"అమ్మే," అంది కాసేపటికి, "కోళ్ళను గూడా ఇడిసిపెట్టకుండా చెప్పినావే. మీ కంపెనీలో చేరేటప్పుడు ఇంట్లో ఎవురెవురుండారని రాపిచ్చుకున్న్యారంటివే, ఆ కాయితంలో నన్ను రాసినావా?"

ఎత్తిపొడుపు కాదు. పిల్లికి కార్డు వచ్చాక ఆమెకు తట్టిన మామూలు సందేహం. ఆ కాగితం నేనే నింపాను. ఇంట్లో ఎంతమంది అన్న చోట మూడు అని రాశాను. నేను, మా ఆయన, పాప. నేను పొద్దున షిఫ్టుకు పోతే ఆ పాపకు జడ వేసి, అన్నం పెట్టి, బడికి పంపే మనిషి నా భుజానికి భుజం ఆనించి కూర్చుని అడుగుతోంది.

మా ఆయన నా వైపు చూసి మళ్ళీ రోడ్డు వైపు చూశాడు.

"లేదత్తా" అన్నాను.

"సరేలే," అంది ఆమె. "పిల్లికి ఎండ కొడతా ఉండాది. నీ కొంగు ఇట్లా అడ్డం పెట్టు."