మామయ్య చూపించిన డబ్బా

రెండు వేల సంవత్సరం వచ్చిన కొత్తలో మేం మేడ్చల్‌లో ఉండేవాళ్లం. మా మామయ్యకు, అంటే మావారి నాన్నకు, రెండే సీట్లున్న తన పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారంటే ప్రాణం. పక్షవాతం వచ్చి ఆయనకు మాట పడిపోయాక దాని బాగోగులు మావారే చూసేవారు.

ఒకరోజు మావారు గేర్‌బాక్సులో ఆయిల్ మారుస్తుంటే, మామయ్య గేర్ ఆయిల్ డబ్బాను ఎడమ చేత్తో నెట్టేసి, ఇంజన్ ఆయిల్ డబ్బాను పదేపదే చూపించారు.

"ఇంజన్‌ల ఆయిల్ మస్తుగుంది నాయినా, పరేషాన్ గాకు" అంటూ మావారు గేర్ ఆయిలే పోశారు. మామయ్య కళ్లు మూసుకున్నారు.

కొన్ని నెలల తర్వాత మావారు ఆయన్ని కారులో శామీర్‌పేట చెరువుకు తీసుకెళ్తుంటే, నేను స్కూటీ మీద వెనకాలే వెళ్లాను. ఎత్తు ఎక్కుతుండగా గేర్లు కరకరలాడి, ఏ గేరూ పడక కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. నన్ను దాటి వెళ్లిన లారీ కీచుమంటూ బ్రేకు వేసి, కారుకు జానెడు దూరంలో ఆగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

విప్పి చూస్తే గేర్‌బాక్సులోని ఇత్తడి రింగులు పాడైపోయాయి. అలాంటి కారే ఉన్న మామయ్య స్నేహితుడికి ఫోన్ చేశాం.

"గా కారు గేర్‌బాక్సుల ఇంజన్ ఆయిలే పొయ్యాలె. మీరు పోసింది ఇత్తడిని తింటది. మీ నాయినకు ఎర్కే గద!" అన్నారాయన.

మావారు మామయ్య కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చేశారు. మామయ్య ఎడమ చేత్తో కొడుకు తల నిమిరారు. విదేశం నుంచి కొత్త రింగులు వచ్చేసరికి మామయ్య లేరు.

మాటతో పాటు ఆయన తెలివి కూడా పోయిందని అనుకున్నామేమో! ఆ బాధ ఇప్పటికీ తీరలేదు.