చీకటి తెర మీద ఒక ఇల్లు

ఈ దసరా ఉదయం ఉప్పల్‌లోని మా అపార్ట్‌మెంట్ సెల్లారులో కార్లకూ స్కూటర్లకూ పూజలవుతుంటే, కర్పూరపు పొగ ఇంజనాయిలు వాసనతో కలిసి మెట్ల మీదుగా మా వాకిలి దాకా ఎక్కివచ్చింది. ఆ రెండు వాసనలూ విడివిడిగా నన్నేమీ చేయవు. కలిసినప్పుడు మాత్రం నాచారంలోని మా పెంకుటిల్లు కళ్లముందు నిలబడుతుంది. వాసన జ్ఞాపకాన్ని తెస్తుందే తప్ప అది నిజమని హామీ ఇవ్వదు. కొలతలూ పరీక్షలే వృత్తిగా బతికినవాణ్ణి గనుక ఈ మాట ముందే చెప్పుకోవాలి. సరిగ్గా అప్పుడే, కాలేజీ చర్చాపోటీకి సిద్ధమవుతున్న మా అమ్మాయి అడిగింది: "నాన్నా, వీడియో గేమును కళ అనొచ్చా?" నేను ఆధారంగా చూపగలిగిన ఆట ఒక్కటే, అది ఇప్పుడు లేదు.

మా ఇల్లు ఫ్యాక్టరీల వెనుక గల్లీలో ఉండేది. వానాకాలంలో మందుల కంపెనీల ఘాటు, తడిసిన గోనెసంచుల ముక్కవాసన, పొయ్యి మీద కాగే మక్కగారెల నూనె ఒకదాన్నొకటి తోసుకుంటూ నడవలోకి వచ్చేవి. మౌలాలి వైపు గూడ్సుబండి కదిలితే గూట్లోని ఇత్తడి చెంబులు సన్నగా వణికేవి. బాపు తల్లి, మా నాయనమ్మ, చూపు పూర్తిగా పోయినా ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. గడప దాటగానే అరచేతిని మట్టిగోడకు ఆనించి, నీళ్ల గోలెం చల్లదనం తగిలాక మలుపు తిరిగి, చింతపండు కుండ పులుపు ముక్కుకు సోకితే వంటిల్లు వచ్చిందని తెలుసుకొని, ఇత్తడి బిందెను గోటితో ఒకసారి టింగుమనిపించి తన నులకమంచం మీద కూర్చునేది.

బాపు ఫ్యాక్టరీలో మెకానిక్కు. ఏఎస్ రావు నగర్‌లో ఎవరో వదిలించుకున్న పాత కంప్యూటరును ఆయన ఇంటికి తెచ్చాడు. దాని కడుపులో దాచుకునే చోటు లేదు, ఏది చేసినా ఫ్లాపీ మీదే ఉండాలి. పాలిటెక్నిక్ చదువుతున్న మా అక్క సరళ ఆ వానాకాలమంతా దాని ముందే కూర్చొని ఒక ఆట తయారుచేసింది. ఆట మొదలైనప్పుడు తెర నల్లగా ఉండేది, చివరిదాకా నల్లగానే ఉండేది. మీటలు నొక్కుతూ నడవాలి. గోడ తగిలితే బొంగురు మోత, గోలెం తగిలితే పొడవాటి మోత, బిందె తగిలితే సన్నని టింగు. చింతపండు వాసనకు తగిన మోత మాత్రం అక్కకు దొరకలేదు. ఎన్నో మోతలు పెట్టి, తీసేసి, చివరికి అక్కడ ఒక క్షణం నిశ్శబ్దం ఉంచింది.

"కరెంటు వోయిందా ఏందే? ఏం కనవడ్తలేదు," అన్నాడు బాపు.

"కనవడది బాపూ. ఇనుకుంట నడువాలె."

"మరి గెలిసుడెట్ల?"

"గెలిసుడు లేదు. నాయనమ్మ మంచం కాడికి పోవుడే."

"గెలిసుడు లేనిది ఆటెట్లయితదే, పిచ్చిదానా!" అని నవ్వి డ్యూటీకి పోయాడు.

ఒకనాడు నాయనమ్మ అక్క వేళ్ల మీద తన వేళ్లు ఆనించి ఆ తెరలో నడిచింది. నిశ్శబ్దం వచ్చిన చోట టక్కున ఆగి, "గీడ కుండ ఉండాలె గద?" అంది.

"ఉన్నది నాయనమ్మా. దానికి మోత వెట్టలె."

"మంచిగనే జేసినవు బిడ్డా. కుండేమన్న మాట్లాడ్తదా!"

ఒకే మనిషి, ఒకే ప్రయోగం, పైగా ఆ ఇల్లు ఆమె చేతికి ముందే తెలుసు. శాస్త్రం దీన్ని నిరూపణగా ఒప్పుకోదు. కానీ ఆ పూట అక్క ముఖం చూసినవాణ్ణి నేను.

ఆ యేడు బతుకమ్మకు గల్లీ అంతా తంగేడు, గునుగు పూల పచ్చివాసన. సత్తుపిండి, మలీద ముద్దలు చేతిలో పట్టుకొనే గోలీలాడేవాళ్లం. దసరా నాడు బాపు ఎప్పటిలాగే నడవలో పీట వేసి పానాలు, స్క్రూడ్రైవర్లు తుడిచి పేర్చాడు. కిందపడిన స్క్రూలను ఏరడానికి వాడే పాత లౌడుస్పీకరు అయస్కాంతాన్ని ఎర్రగుడ్డలో చుట్టి నడుమ కూర్చోబెట్టాడు. తర్వాత అక్కను పిలిచాడు.

"ఫ్లాపీలు యాడున్నయే? గవి నీ పనిముట్లే గద. తే, పూజల వెడ్త."

ఆటను ఆయన పని అన్నది అదే మొదటిసారి. అక్క పరుగెత్తి అసలుదీ, నకలూ రెండూ తెచ్చింది. బాపు వాటిని అన్నిటికంటె గౌరవమైన చోట, ఆ ఎర్రగుడ్డ మీదనే పెట్టి, కుంకుమ అద్ది, బంతిపూలు కప్పాడు. గుడ్డలో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు; అది అయస్కాంతమన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు, ఆ పూటకది దేవుడు. పూజలో పెట్టినదాన్ని మరునాటి దాకా ముట్టకూడదు. సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టి మొక్కాం.

మరునాడు రెండు ఫ్లాపీలూ తెరుచుకోలేదు. పీట మీది ఎర్రగుడ్డ వైపు చూస్తూ బాపు అడిగాడు: "నేనే జేసిన్నానే గిది?"

"ఊకో బాపూ. వానకు బూజు వట్టిందేమో," అంది అక్క.

చాలా ఏళ్ల తర్వాత నేనొక ఫ్లాపీని అలాంటి అయస్కాంతం మీద ఉంచి చూశాను. అందులోని రాతంతా చెరిగిపోయింది. అలా జరగవచ్చునని అది చెప్తుంది, అలాగే జరిగిందని చెప్పదు. బూజును కూడా కొట్టివేయలేను. ఆట మళ్లీ చేస్తానన్న అక్క మొదలుపెట్టకముందే చలికాలంలో నాయనమ్మ పోయింది. మరుసటి దసరాకు బాపు పీట వేయలేదు. ఇంట్లో ఏడాది మైల గనుక అది సహజమే. ఆ తర్వాతి దసరాలకూ వేయలేదు.

రంగులు వెలిసిన బొమ్మకు గోడైనా మిగులుతుంది. ఆట ఆడుతున్నంతసేపే ఉంటుంది. ఆడలేని ఆట గురించి కళ అన్నా కాదన్నా పరీక్షకు నిలిచే మాట కాదు. అయినా, మోత పెట్టగలిగిన చోట నిశ్శబ్దాన్ని ఎంచుకున్న ఆ చేతిని మరే పేరుతో పిలవాలో నాకు తెలియదు. అందుకే అమ్మాయి ముందే, నారపల్లిలో ఉంటున్న అక్కకు ఫోను చేశాను. అక్క ఇప్పుడు ఏదో కంపెనీకి బిల్లుల ప్రోగ్రాములు రాస్తుంది.

"అక్కా, నీ ఆటల చింతపండు కుండ కాడ ఏం వెట్టినవో యాదికున్నదా?"

"ఏ ఆట తమ్మీ? ఓ, అదా... ఏదో మోత వెట్టినట్టున్న. అన్నిటికీ వెట్టిన గద."

మోత లేదని నేననలేదు. అన్నా నా దగ్గర రుజువేముంది? మంచిగనే జేసినవన్న నాయనమ్మ లేదు, గెలిసుడెట్లని అడిగిన బాపు లేడు. మట్టిగోడ, గోలెం, నులకమంచం ఉన్న చోట నాలుగంతస్తుల భవనం ఉంది. "చర్చలో కాదనే పక్షం తీసుకో, గెలవడం తేలిక," అని అమ్మాయికి చెప్పి తలుపు మూశాను. సెల్లారులో కర్పూరం ఆరిపోయినట్టుంది.

కళ్లు మూసుకుంటే ఇప్పటికీ గడప నుంచి గోడ పట్టుకొని గోలెం దాకా పోగలుగుతున్నాను. మలుపు తిరిగాక ఏమీ వినబడటం లేదు. అది అక్క పెట్టిన నిశ్శబ్దమో, నా మరుపో తేల్చే దారి లేదు.