యాంటీబాడీ పట్టు

పటాన్‌చెరు ల్యాబ్‌లో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, అక్కడ ఏం పని చేస్తావని అమ్మ అడిగింది. ఎలుకలో తయారైన యాంటీబాడీని మనుషులకు మందుగా మారుస్తామని చెప్పాను. కాజీపల్లిలో ఒక ఫ్యాక్టరీలో సీసాలు కడిగే అమ్మ బెదిరిపోయింది.

"ఎలుకల మందా? మనుషులకు గదేం పెడ్తరు బిడ్డా?"

నవ్వాను గానీ, పని మాత్రం నవ్వులాట కాదు. ఎలుక యాంటీబాడీ రోగాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కానీ ఉన్నదున్నట్టు ఎక్కిస్తే, మన ఒళ్లు దాన్ని పరాయిదని గుర్తుపట్టి తిరగబడుతుంది. అందుకని పట్టుకునే కొసలు మాత్రం ఎలుకవి ఉంచి, మిగతాదంతా మనిషి యాంటీబాడీలా మారుస్తాం. మేమూ అలాగే మార్చాం. పట్టు కాస్తా పోయింది.

కొసల్ని ఇంకాస్త సవరిద్దామన్నారు మా సార్. నెలలు గడిచాయి. నేను దాని నమూనాను కంప్యూటర్‌లో తిప్పి తిప్పి చూశాను. తప్పు కొసల్లో లేదు. వాటి కింద ఆసరాగా ఉన్న ఒక ఎలుక అమైనో ఆమ్లాన్ని తీసేసి మనిషిది పెట్టాం. అది చిన్నది. ఆసరా చాలక పై కొస ఒరిగిపోయింది.

"సార్, గా ఒక్కటి మళ్ల ఎలుకదే పెడ్దాం."

"ఎలుకను తీసెయ్యడానికి కూర్చున్నాం, పెట్టడానికి కాదు. నీ తెలుగు మీడియం బుర్రతో డిజైన్లు గియ్యకు. చెప్పింది చెయ్యి."

అందరూ నవ్వారు.

చెప్పింది చేశాను. దాని పక్కనే నాదీ చేశాను. దొంగచాటుగా కాదు. నోట్‌బుక్‌లో తేదీ వేసి, 'సార్ వద్దన్నారు, అయినా చేస్తున్నాను' అని రాసి సంతకం పెట్టాను.

ఆయనది పట్టలేదు. నాది పట్టింది, దాదాపు అసలు ఎలుకదానంత గట్టిగా.

మీటింగ్‌లో సార్ నా ఫలితం గ్రాఫు తెర మీద వేసి, "మేము అనుకున్నట్టే..." అని మొదలుపెట్టారు. నేను లేచి నిలబడ్డాను. ఇంగ్లిష్ నోటికి రాలేదు. రాకపోతే పోయిందనుకున్నాను.

"మీరు అనుకోలే సార్. వద్దన్నరు. నేను చేసిన. రాసి పెట్టిన, సూడుండ్రి."

నోట్‌బుక్ బల్ల మీద పెట్టాను. మా డైరెక్టర్ మేడమ్ ఆ పేజీ చదివి, "మిగతాది ఈ అమ్మాయినే చెప్పనివ్వండి" అన్నారు.

చెప్పాను. ఆ డిజైనే ముందుకు పోయింది. నెల తిరక్కముందే సార్ నన్ను వేరే టీముకు పంపించేశారు. "జెర సారీ చెప్పరాదు, గాయన కోపం దిగుతది" అని పక్క సీటు అక్క నచ్చజెప్పింది.

నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.