రెండు డిస్కుల డబ్బా

మా స్టూడియోకి ఫొటోలు దాచే ఆ డబ్బా కొందామని తేల్చింది నేను. ఏది కొనాలో, దాన్ని ఏ పద్ధతిలో పెట్టించాలో చెప్పింది కూడా నేనే. అందులో ఒక కూలివాళ్ల పిల్ల ఫొటో ఉండేది. ఆ పిల్ల చనిపోయింది. తల్లి దగ్గర ఇంకో ఫొటో లేదు. డబ్బా చెడిపోయాక నా కొడుకు తప్పు తన మీద వేసుకున్నాడు. కోడలు ఏమీ మాట్లాడకుండా ఊరుకుంది. వాళ్లిద్దరి తప్పూ లేదు. అందుకని నేనే రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి దాకానే. ఫొటో కవర్ల మీద పేర్లు రాసీ రాసీ చెయ్యి తిరిగింది.

గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లే పెద్దరోడ్డు పక్కన ఊరు మాది. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిరప. మా ఆయన రోడ్డు మీద చిన్న గది తీసుకుని స్టూడియో పెట్టారు. ఆయన పోయాక కొడుకు కెమెరా పట్టాడు. నేను ముందు బల్ల దగ్గర కూర్చున్నాను. కోడలు డిగ్రీ చదివిన పిల్ల. కంప్యూటర్ మీద ఫొటోలు దిద్దే పని నేర్చుకుని వెనక గదిలో అదే చేసేది.

రీళ్ల కాలంలో నాకు దిగులుండేది కాదు. నెగటివ్‌లు బిస్కెట్ డబ్బాల్లో పెట్టి, మూత చుట్టూ గుడ్డ బిగించి అటక మీద ఉంచేదాన్ని. ఇప్పటికీ ఉన్నాయి. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకి రీళ్లు పోయి ఫొటోలు సీడీలకెక్కాయి. మిరప కోతల నెలల్లో మా రోడ్డు మీద గాలే ఘాటుగా ఉంటుంది. ఎంత మూసినా దుమ్ము సందుల్లోంచి దూరుతుంది. రెండు వేసవులు గడిచేసరికి సీడీల మీద పొక్కులు లేచాయి.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది పోయినవాళ్ల ఫొటోల కోసం వచ్చేవాళ్లు. పత్తి దెబ్బతిన్న ఏళ్లవి. పురుగుమందు తాగి పోయిన మనిషికి విడిగా ఫొటో ఉండేది కాదు. ఎవరి పెళ్లిలోనో వెనక వరసలో నిలబడి ఉండేవాడు. కోడలు ఆ తల కత్తిరించి వేరే ఒంటి మీద పెట్టేది. పెద్దకర్మ నాటికి పటం కట్టించి ఇచ్చేవాళ్లం. ఒకే తెల్లచొక్కా, జేబులో ఒకే పెన్ను, మా చుట్టుపక్కల ఎన్ని గోడల మీద ఉన్నాయో నాకే లెక్క తెలీదు. ఎవరూ తప్పు పట్టలేదు. మా పనే అది.

ఒకసారి అలాంటి ఇంటివాళ్లే వచ్చి పాత పెళ్లి ఫొటో అడిగారు. సీడీ పెడితే తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఫొటో రాలేదు. వాళ్లు వెళ్లాక కోడలు అంది:

"ఇలా కాదు అత్తయ్యా. రెండు కంప్యూటర్లకీ వైరు కలిపి పెట్టుకునే డబ్బా ఒకటి వస్తోంది. ఫొటోలన్నీ అందులోనే ఉంటాయి. ముందు గదిలో ఆయన వేసింది వెనక గదిలో నాకు కనపడుతుంది."

"చూడకుండా కొనను" అన్నాను.

ముగ్గురం బస్సెక్కి గుంటూరు వెళ్లాం. మేడ మీద కంప్యూటర్ల షాపు. షాపతను మూడు రకాలు చూపించాడు. మొదటిది ఇంకో పెద్ద కంప్యూటరే, పగలంతా నడుస్తూ ఉండాలి. కరెంటు ఎంత తాగుతుందో అడిగి వద్దన్నాను. రెండోది ఒకే డిస్కున్న చిన్న డబ్బా. దానికి ఫ్యాను లేదు.

"మా ఊళ్లో మే నెలలో మనుషులే ఆగరు. ఫ్యాను లేకుండా ఇదెట్లా ఆగుతుంది నాయనా?"

"అయితే ఇది చూడండమ్మగారూ" అని మూడోది బల్ల మీద పెట్టాడు. రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత ఉంది. వెనక చిన్న ఫ్యాను. కరెంటు ఒక బల్బంత చాలన్నాడు. చేత్తో ఎత్తి చూశాను, బరువుగానే ఉంది. నాకు నచ్చింది.

"ఇందులో రెండు డిస్కులుంటాయండి. మీరు ఒక ఫొటో వేస్తే రెండిట్లోనూ రాసుకుంటుంది. ఒకటి చెడిపోయినా రెండోది ఉంటుంది."

"అంటే రెండు కొని, ఒకదానంత చోటే వాడుకోవాలా?"

"అంతేనండి."

"రెండూ నింపుకునే దారి లేదా?"

అతను తల గోక్కున్నాడు. "ఉందండి. రెండూ కలిపి ఒకటిగా పెట్టొచ్చు. చోటు రెట్టింపు. కానీ ఫొటోని ముక్కలు చేసి సగం అందులో, సగం ఇందులో పెడుతుంది. ఒకటి పోయిందంటే రెండోదీ పనికిరాదు."

"కొత్తది ఎందుకు పోతుంది? పోయేదే అమ్ముతున్నావా నువ్వు?"

షాపులో ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు. కోడలు నవ్వలేదు.

"మిరప విత్తనం మీ అమ్మగారు రెండిళ్లలో దాచేవారని మీరే చెప్పారుగా అత్తయ్యా."

నిజమే. మంచి పండుకాయలు ఏరి, ఎండబెట్టి, గింజ తీసి, బూడిద కలిపి మా అమ్మ రెండు కుండల్లో పోసేది. ఒకటి మా ఇంట్లో, ఇంకోటి పక్క వీధిలో మా పిన్ని ఇంట్లో. కానీ నలుగురిలో కోడలు నా మాట నాకే తిప్పి చెప్పడం నాకు గిట్టలేదు.

"విత్తనాన్ని ఎలుకలు తింటాయి. ఇనప డబ్బాలోకి ఎలుకలెక్కణ్ణుంచి వస్తాయే? గుంటూరు బస్సెక్కి వస్తాయా?"

"ఎలుకలకే కాదుగా. ఇల్లు కాలితే ఒకటన్నా మిగలాలనేగా పక్క వీధిలో పెట్టేవారు?"

"మా అమ్మ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు!"

"అమ్మా, తను చెప్పేది కూడా..." అన్నాడు కొడుకు.

"ఏరా, నువ్వూ మొదలెట్టావా?"

నేను చెప్పినట్టే రెండు డిస్కులూ కలిపి ఒకటిగా పెట్టి ఇచ్చాడు షాపతను. తిరుగు బస్సులో డబ్బాని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సగం చోటు వృథా కాకుండా ఆపానన్న తృప్తి నాకు.

ఆ తర్వాత ఏడాదో ఏడాదిన్నరో, ఆ పిల్ల తల్లితో మా దగ్గరికి వచ్చింది. పదో తరగతి హాల్ టికెట్టు ఫొటోకి. చర్చి వెనక వీధిలో ఉండేవాళ్లు. తండ్రి లేడు. తల్లి మిరప కోతలకీ పత్తి తీతకీ వెళ్లేది. పిల్ల యూనిఫారానికి పై బొత్తం లేదు, పిన్నీసు పెట్టుకుంది.

"ఆ పిన్నీసు తీసెయ్యమ్మా, మెరుస్తోంది" అన్నాడు మా వాడు.

"తీస్తే ఊడిపోద్దండీ" అంది పిల్ల. అని, నవ్వొస్తుంటే పెదాలు లోపలికి బిగించింది. ఆ బిగింపు మీదే ఫొటో పడింది. పిన్నీసు చెరిపి కోడలు కంప్యూటర్లో బొత్తం పెట్టింది.

పరీక్షలయ్యాయి. ఆఖరి కోతలు నడుస్తున్నాయి. సెలవులేగదా అని పిల్ల తల్లి బదులు కోతకి వెళ్లింది. తల్లికి ఆ రోజు జ్వరం. కూలీల ఆటోని పెద్దరోడ్డు మీద లారీ కొట్టింది. నలుగురు పోయారు. అందులో ఈ పిల్ల ఒకతె.

మట్టి చేసిన మూడో రోజు తల్లి మా బల్ల ముందు నిలబడింది.

"పెద్దది కట్టించండమ్మగారూ. ఇంట్లో పెట్టుకుంటా."

ఆమెని చూశాను. కోతలు అయిపోవచ్చాయి, ముందు రెండు నెలలు పని ఉండదు. ఇల్లు రేకులది, వాన వస్తే కురుస్తుంది. ఆమె మంచి కోసమే అన్నాను. ఇప్పటికీ ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

"ఇప్పుడెందుకే పెద్దది? వానలకి తడిసి పాడవుతుంది. సంవత్సరం ప్రార్థన నాటికి నేనే దగ్గరుండి కట్టిస్తాను. డబ్బాలో ఉంది, ఎక్కడికీ పోదు."

"పోదంటారా?"

"నేను చెప్తున్నానుగా."

తీసిన ఎనిమిది చిన్న ఫొటోల్లో ఆమె దగ్గర మూడు మిగిలాయి. చావు కాగితాలకని పోలీసు స్టేషన్‌లో ఒకటి, మండలాఫీసులో రెండు ఇచ్చేసింది. వయసు రుజువుకి హాల్ టికెట్టు కూడా ఇచ్చింది. ఒకటి అట్టేపెట్టుకోమని మా కోడలు చెప్పింది. "డబ్బాలో ఉందన్నారుగా అమ్మగారు" అందట.

సంవత్సరం తిరగడానికి నెల ముందు డబ్బాలోంచి చప్పుడు మొదలైంది. గోడ మీద బల్లి కొట్టినట్టు, టక్ టక్ మని. నేను నిజంగానే బల్లి కోసం చూశాను. మధ్యాహ్నానికి ఒక్క ఫొటో కూడా తెరుచుకోలేదు.

గుంటూరు తీసుకెళ్లాం. షాపతను రెండు డిస్కులూ విడదీసి చూశాడు.

"ఒకటి పోయిందండి. రెండోది బాగానే ఉంది."

"మరి బాగున్నదాంట్లోవి తియ్యి."

"అందులో అన్నీ సగాలేనండి" అన్నాడు నెమ్మదిగా. అంతకుముందు ఏం చెప్పాడో గుర్తు చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండేది.

హైదరాబాదులో తీసేవాళ్లు ఉన్నారన్నాడు. "ఎంతయినా సరే, పంపించు" అన్నాను. నా కొడుకు నా మొహంలోకి చూశాడు. నా నోట ఆ మాట వాడు పుట్టాక వినలేదు. పది రోజులకి డిస్కు వెనక్కి వచ్చింది. లోపలి పళ్లేలు గీసుకుపోయాయట. పెళ్లిళ్లు పోయాయి, అన్నప్రాశనలు పోయాయి. వాటికి ఎవరి ఆల్బం వాళ్లింట్లో ఉంది. మా మనవరాలి పుట్టినరోజు ఫొటోలు పోయాయి. పిల్ల ఎదురుగా తిరుగుతోంది, నాకు బాధ లేదు. ఆ ఒక్క ఫొటో మాత్రం ఎవరింట్లోనూ లేదు.

చెప్పడానికి నేనే వెళ్లాను. ఆమె అరుగు మీద మిరపకాయలకి తొడాలు తీస్తోంది.

"ఫొటో పోయిందే" అన్నాను.

"ఏ ఫొటో అమ్మగారూ?"

"మీ పిల్లది."

ఆమె చేతులు ఆగలేదు. తొడెం ఒక వైపు, కాయ ఒక వైపు. "డబ్బా ఉందిగా?"

"డబ్బా ఉంది. అందులో ఏమీ లేదు."

ఇంకో నాలుగు కాయలు తుంచింది. "కళ్లు మూసుకుంటే జడలే కనపడతన్నాయి అమ్మగారూ. రిబ్బన్లు కనపడతన్నాయి. మొహం రావట్లా. ఫొటో వస్తే చూసుకుందామనుకున్నా."

నన్ను తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. నాకు అది వచ్చు. ఆమె తిట్టలేదు.

మర్నాడు స్టేషన్‌కి వెళ్లాను, ఆఫీసుకి వెళ్లాను. కాగితాలు పైకి వెళ్లాయన్నారు. ఒంగోలు దాకా వెళ్లి అడిగాను, దొరకలేదు. చివరికి బడికి వెళ్లాను. పరీక్షకి పంపిన పిల్లల జాబితా నకలు హెడ్మాస్టరు గారి బీరువాలో ఉంది. అందులో ఆ పిల్ల ఫొటో అంటించి ఉంది. ముక్కు దగ్గర్నుంచి గడ్డం కింద దాకా బడి ఊదారంగు ముద్ర. నుదురు, కళ్లు, జడలు బాగున్నాయి. హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటే మా వాడు దాన్ని అక్కడే ఫొటో తీసుకున్నాడు.

కోడలు మూడు రోజులు ఆ ముద్ర చెరపాలని చూసింది. ముద్ర పోతే చర్మం పోయింది. పెదాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో తెలియలేదు.

"డబ్బా పోయాక తీసిన పిల్లల్లో ఎవరిదన్నా నోరు తీసి పెట్టు" అన్నాను.

"వద్దత్తయ్యా. ముద్రతోనే ఇద్దాం."

"ఎంతమందికి చొక్కాలు తొడిగాం మనం? ఒక నోరు పెట్టలేమా?"

కోడలు నా వైపు చూసి, పని చేసింది. బాగానే కుదిరింది. పిల్ల చక్కగా నవ్వుతోంది. పెద్ద పటం కట్టించి తల్లిని పిలిచాను.

ఆమె పటాన్ని రెండు చేతులా పట్టుకుని వెలుతురులోకి, గుమ్మం దగ్గరికి వెళ్లింది. చాలాసేపు చూసింది.

"కళ్లు దానియ్యే" అంది. తర్వాత, "ఈ నోరు ఎవరిది అమ్మగారూ?" అంది.

ముగ్గురం అక్కడే ఉన్నాం.

"మా పిల్ల ఇట్టా నవ్వదు. అసలుది లేదా?"

నేను కదల్లేదు. కోడలే వెనక గదిలోకి వెళ్లి ముద్ర ఉన్న కాపీ తెచ్చింది. ఆమె కొంగుతో ఆ ఊదారంగు మీద రుద్దింది. మళ్లీ రుద్దింది.

"ఇది పోదా?"

"పోదే."

"ఉండనీండి. కింద దాని నోరే ఉందిగా" అంది.

పటంలోంచి ఆ నవ్వే ఫొటో తీయించి, ముద్ర ఉన్నదాన్ని పెట్టించుకుని వెళ్లింది. తీసేసిన ఫొటోని ఏం చెయ్యాలో మాకు తెలియలేదు. చింపడానికి చెయ్యి రాలేదు. అది ఇద్దరు పిల్లల మొహం. అందులో ఒకతె బతికే ఉంది.

ఇప్పుడు కోడలు శనివారం శనివారం ఫొటోలన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కించి, గుడ్డలో చుట్టి, నాలుగు వీధుల అవతల వాళ్ల అక్క ఇంట్లో ఇచ్చి వస్తుంది. నన్ను అడగలేదు. ఎంతయిందని నేనూ అడగలేదు.

ఏటా ఆ ఇంటి ముందు ఎండకి టార్పాలిన్ పట్టా కట్టి ప్రార్థన పెడతారు. నాకు కబురు వస్తుంది. వెళ్తాను. మాది ఆ మతం కాదు, పాటలు రావు. వెనక కుర్చీలో కూర్చుంటాను. బల్ల మీద పటం, దానికి కనకాంబరాల దండ. పాస్టరు గారు వాక్యం చదువుతుంటే నేను ఆ పటం చదువుతూ ఉంటాను. పెద్దది చేశాం కదా, ముద్రలో అక్షరాలు అంత దూరానికీ తెలుస్తాయి. బుగ్గ మీద 'ఉన్నత' అని ఉంటుంది. పెదాలు ఉండాల్సిన చోట 'పాఠ' అని ఉంటుంది. తక్కిన అక్షరాలు ఫొటో అంచు దాటి ఆ జాబితా కాగితం మీదే ఉండిపోయాయి.